నీడలో పెరిగిన మొక్క

ప్రియ చదువరీ, పురుగులను పట్టి జీర్ణించుకొను మొక్కలు కలవని నీవు వినియుందువు. చార్లెస్ డార్విన్ 1875లో వాటినిగూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. మన రాష్ట్రపు తడి ఇసుకనేలలలో సైతము, ఆకులనిండ జిగురుబొట్లతో మెరయు డ్రాసెరా అను చిన్న మొక్క గలదు. అయితే నేడు నర్సరీలలో కొనుచున్న వీనస్ ఫ్లై ట్రాప్ మన దేశపుది కాదు. అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరొలైనాల తడినేలలే దాని పుట్టినిల్లు.

అట్టి మొక్క యొకటి జగ్గయ్యపేటలో మా అక్కయ్య యింటికి వచ్చినది. ఆమె కుమారుడు దూరదేశమునకు ఉద్యోగమునకై వెళ్లుచు, తల్లికి తోడుగా దానిని కొని యిచ్చెను. వేసవిలో నేను నందిగామనుండి వెళ్లి చూచునప్పటికి ఆకులన్నియు నల్లబడియుండెను.

"బయట పెట్టిన రెండు రోజులకే మాడిపోయిందిరా తమ్ముడూ. వాడేమో రోజూ ఫోనులో చూపించమంటాడు. ఏం చూపించను?" అని ఆమె కన్నీరు పెట్టెను.

మట్టి తొలగించి చూచితిని. మొదలు తెల్లగా, గట్టిగా నున్నది. "ప్రాణముందక్కయ్యా" అంటిని.

చదువరీ, కారణములు రెండు. ఆ మొక్క నీడలో, తేమగాలిలో పెరిగినది. నీడలో పుట్టిన ఆకు మన వేసవి యెండకు ఓర్వలేదు. రెండవది నీరు. జగ్గయ్యపేట ప్రాంతము సున్నపురాతి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడ వెలసినది అందువలననే. అట్టి నేలలోని బోరునీటిలో లవణములు చేరును. సారము లేని నేలలో పుట్టిన ఈ మొక్క వేళ్లు వాటిని సహింపవు. సారము చాలకనే గదా అది పురుగులను పట్టుచున్నది!

మన మెట్టప్రాంతపు మిరపరైతు నారును పొలములో నాటుటకు ముందు కొన్ని దినములు నీరు తగ్గించి, నీడ తొలగించి, దానిని గట్టిపరచును. ఇక్కడను ఆ ఓర్పే కావలెను.

మొక్కను మరల వెలుతురుగల నీడకు చేర్చితిమి. డిస్టిల్డ్ వాటరు, వానలు పడిన పిమ్మట వాననీరు మాత్రమే పళ్లెములో వ్రేలెడులోతున నిలిపితిమి. నల్లరేగడి గాని, ఎరువు గాని వేయలేదు. జూలైలో మబ్బులు కమ్మిన తరువాత, ఉదయపుటెండలో మొదట ఒక గంట, కొన్ని దినములకు రెండు గంటలు, ఇట్లు మూడు వారములు అలవాటు చేసితిమి. పాత ఆకులు తిరిగి పచ్చబడలేదు. కాని నడుమనుండి క్రొత్త చిగురు వచ్చి, ఎండలోనే విప్పుకొనెను.

అక్కయ్య దానిని కుమారునికి చూపి, "నీకూ అక్కడంతా కొత్తే నాయనా. తొందరపడకు, కొంచెం కొంచెంగా అలవాటవుతుంది" అనెను. అవతల కొంతసేపు మాట లేదు. పిమ్మట అతడు, మొదటిసారిగా, అక్కడ తనకు ఒంటరిగా నున్నదని తల్లితో చెప్పుకొనెను.

నీయింట నిట్టి మొక్క యున్నయెడల, వినోదమునకై దాని బోనులను తాకి మూయింపకుము. ఒక్కొక్క బోను కొన్నిసార్లే మూయగలదు. చలికాలమున ఎదుగుదల నిలిచినను పారవేయకుము, అది నిద్రించుచున్నది. మాడిన ఆకును లెక్కింపక, నడిమి చిగురును కనిపెట్టుము.