పిల్లి ఎవరిది?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో వేరుసెనగ కాయలు ఇల్లు చేరగానే ఎలుకలును చేరును; వాటి వెంట పిల్లియు వచ్చును. ఎలుకలను పట్టునంత కాలము అది ఇంటిపిల్లియే. అటకపై కూనలను పెట్టిననాడు మాత్రము ఎవరిదియు కాదు. కన్నులు తెరవని ఆ కూనలను గోనెసంచిలో కట్టి ఊరిబయట విడిచి వచ్చువారు కలరు.

అట్లు చేయుట నేరము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము పిల్లులకును వర్తించును. పెంచువాడు తిండి, నీరు, నీడ కల్పింపవలెను. ఆకలిదప్పులతో బాధపడునట్లు విడిచిపెట్టరాదు. రాయలవారు ఇంటింటికి ఒక పిల్లిని, దాని పాలకై ఒక ఆవును ఇచ్చి, పిమ్మట పరీక్షించిరని కథ. కాగిన పాలతో పిల్లి మూతి కాల్చిన తెనాలి రామకృష్ణుని యుక్తికి అందరు నవ్వుదురు. పిల్లి పక్షమున ఆలోచించువారు అరుదు.

చట్టమున్నను, ‘ఈ పిల్లి నాది’ యని ఒప్పుకొనువాడు ఉండవలెను గదా! సింగపూరులో 2024 సెప్టెంబరు 1 నుండి పెంపుడు పిల్లులకు లైసెన్సు విధానము ప్రారంభమైనది. అందుకు బియ్యపుగింజంత చిప్పును పిల్లి చర్మము క్రింద అమర్చవలెను. అందలి సంఖ్యను బట్టి యజమాని తెలియును.

పల్లెటూరి పిల్లికి చిప్పు లేకున్నను, మూడు నెలలు నిండగానే పశువైద్యుని చేత రేబిస్ టీకా వేయించవలెను. కూనలు వలదనుకొన్నవారు తల్లిపిల్లికి శస్త్రచికిత్స చేయించవచ్చును.