పొట్టి మొక్కకూ చోటు

హెర్బేరియం షీటు మీద మామూలుగా ఒక్క మొక్కే ఉంటుంది. పువ్వూ కాయా, ఆకు రెండు వైపులా కనబడేలా సర్ది, నొక్కి ఆరబెట్టి అతికిస్తారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో రాసిన చీటీ కింద అంటిస్తారు. 1825లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యుడైన జాన్ స్టీవెన్స్ హెన్స్‌లో తయారుచేసిన షీట్లు వేరు. ఒకే జాతి మొక్కలను రకరకాల చోట్ల నుంచి సేకరించి, ఒకే కాగితం మీద పక్కపక్కనే పెట్టాడు. పొడుగుదాని పక్కన పొట్టిది, దాని పక్కన మరీ పొట్టిది. నాకు మొక్కను చూడటం నేర్పినవి ఆ షీట్లే.

హెన్స్‌లో మతగురువు కూడా. జాతులు మారవని నమ్మినవాడు. అయినా ఒక జాతిలో తేడాలు ఎంతదాకా పోతాయో తేల్చుకోవాలనుకున్నాడు. తన నమ్మకానికి అడ్డమొస్తుందని ఏ మొక్కనూ పక్కకు నెట్టలేదు. అందుకే ఆయనంటే నాకు అంత గౌరవం. ఆయన శిష్యుడు డార్విన్ 1835లో గాలపగోస్ దీవుల్లో, చాలా పిట్టల విషయంలో ఏది ఏ దీవిదో సరిగా రాసుకోలేదు గానీ, మొక్కలకు మాత్రం దీవి పేరు రాశాడు. వాటిలో చాలా జాతులు ఒక్కో దీవికే పరిమితమని తర్వాత వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ చూపగలిగాడంటే ఆ చీటీల పుణ్యమే. ఆ మొక్కలు ఇప్పటికీ కేంబ్రిడ్జి హెర్బేరియంలో ఉన్నాయి.

ఒక జాతిని తెలుసుకోవడానికి ఒక్క నమూనా చాలదన్న సంగతి పుట్టగొడుగుల దగ్గర ఇంకా బాగా తెలిసొస్తుంది. వాటిని నొక్కరు. తక్కువ వేడిలో ఆరబెట్టి కాగితం పొట్లంలో దాస్తారు. ఎండాక రంగూ వాసనా పోతాయి, కాబట్టి తాజాగా ఉన్నప్పుడే రాసుకోవాలి. బాగా విప్పారిన గొడుగు ఒక్కటి తెస్తే చాలదు. మొగ్గగా ఉన్నదీ, సగం విచ్చుకున్నదీ, వాడుతున్నదీ కావాలి, అదీ మొదలుతో సహా. వానలు పడ్డాక చెదపుట్టల మీద లేచేవాటికి ఆ మొదలు వేరులా సాగి చెదల గూటిదాకా దిగుతుంది. పైపైన తుంచి తెస్తే, అది ఎక్కడి నుంచి పుట్టుకొచ్చిందో చెప్పే భాగం మట్టిలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు పిల్లలతో అడవికి వెళ్తే, అందమైన కొమ్మ కోసం చెయ్యి చాపేవాళ్లను కాసేపు ఆగమంటాను. నీడలో సాగినదీ, బండ సందులో గిడసబారినదీ, మేకలు కొరికాక మళ్లీ చిగిర్చినదీ చూసి రమ్మంటాను. అరుదైన మొక్కయితే తెంపనివ్వను, ఫొటోలూ కొలతలూ చాలు. "ఇది వేరే జాతేమో మేడమ్" అని ఎవరైనా అంటే, వెంటనే పేరు చెప్పను. చుట్టుపక్కల ఇంకో పది మొక్కలు చూసి వచ్చి, అప్పుడు చెప్పమంటాను.