దగ్గమంటారా డాక్టరమ్మా?

మా మేనకోడలు ఎమ్మెస్ జనరల్ సర్జరీ ప్రాక్టికల్స్ ముగించుకుని ఇందాకే ఫోన్ చేసింది. లాంగ్ కేసు, అంటే పూర్తిగా పరీక్షించి చెప్పాల్సిన పేషెంటు, గజ్జల్లో హెర్నియా ఉన్న ఒక పెద్దాయనట. టెన్షన్‌లో ఇది నోరు తెరవకముందే ఆ పెద్దాయన మంచం దిగి నిలబడి, "దగ్గమంటారా డాక్టరమ్మా?" అన్నాడట!

హెర్నియా చూడాలంటే దగ్గించాలి మరి. పొద్దున్నుంచి ఎంతమందికి దగ్గి చూపించాడో పాపం.

మూడేళ్లు రాత్రీ పగలూ థియేటర్లో నిలబడతారా...
తీరా ఫైనల్స్‌లో కత్తే పట్టనివ్వరు!
నాలుగు థియరీ పేపర్లు, కేసులు, ఎక్స్‌రేలు, సీసాల్లో స్పెసిమెన్లు, ఎగ్జామినర్ల ప్రశ్నలు.
మరి చేతి పనితనం చూసేదెవరే అన్నాను.

"ఎప్పుడు కొయ్యకూడదో తెలుసా లేదా అని చూస్తారత్తా" అంది.

సగమే ఒప్పుకున్నా.
ఆ పెద్దాయనకీ ఓ పది మార్కులెయ్యాలి కదా అసలు!

ఇక్కడున్న సర్జన్లూ, మీ లాంగ్ కేసేంటి? పేషెంటు ఏమైనా అందించాడా? నిజం చెప్పండి 😄