విప్పడం

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణంలో. మిగతా రోజుల్లో అక్కడ కొల్లేరు సరస్సు మీద పనే. రేవులో దోనె కట్టు విప్పుతారు, వల మూట విప్పుతారు, ఒడ్డెక్కి తలపాగా విప్పుతారు. ఆ మాట ఎవరి చెవికీ ఆనదు.

చీర కట్టుకుంటారు, చొక్కా తొడుక్కుంటారు, పాగా చుట్టుకుంటారు. ఒంటిమీదికి ఎక్కడానికి ఒక్కోదానికి ఒక్కో మాట. దిగేటప్పుడు అన్నిటికీ విప్పడమే.

దీని తోబుట్టువు ‘విచ్చు’. కొల్లేటి తామర తనంతట తానే విచ్చుకుంటుంది. ముడిని మాత్రం ఒక చెయ్యి విప్పాలి. గొడుగు విప్పుతాం, పొడుపుకథ విప్పుతాం, పాము పడగ విప్పుతుంది. మూసి ఉన్నది తెరుచుకోవడమే అన్నిట్లోనూ ఉన్న అర్థం. కన్నడంలో ఈ ‘విచ్చు’ ‘బిచ్చు’. మన విల్లు అక్కడ బిల్లు, మన వేరు బేరు అయినట్టే. బట్టలకూ ముడులకూ వాళ్లకూ ఆ మాటే.

ముడే బట్టను నిలబెట్టిన కాలంలో, బట్ట తీయడమంటే ముడిని తెరవడమే కాబోలు.

తర్వాత పోర్చుగీసు నుంచి బొత్తాం వచ్చింది, ఇంగ్లీషు నుంచి జిప్పు వచ్చింది. చొక్కాకు ముడి లేదు. అయినా ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా, బడి నుంచి వచ్చిన పిల్లాడితో అమ్మ అనేది ఒకటే: “ముందు ఆ చొక్కా విప్పరా!”