నానా స్వార్ట్స్ మందు
స్వీడన్ వైద్యురాలు నానా స్వార్ట్స్ గురించి చదివినప్పుడల్లా గౌరవంతో పాటు కాస్త అసూయ కూడా కలుగుతుంది నాకు. 1937లో కరోలిన్‌స్కా వైద్య విద్యాసంస్థలో ప్రొఫెసరయింది. ఆ దేశంలో ప్రభుత్వం నియమించిన తొలి మహిళా ప్రొఫెసరు ఆవిడే. కీళ్లవాతానికి మందు కావాలని సల్ఫా మందునూ, ఆస్పిరిన్‌కు చుట్టమైన సాలిసిలేట్‌నూ ఒకే అణువుగా కలిపించింది. తీరా చూస్తే ఆ మందుతో, పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ వల్ల నెత్తురు విరేచనాలవుతున్న రోగులు తేరుకున్నారు. 1942లో ఆ సంగతి అచ్చయింది.

అది ఎందుకు పనిచేస్తోందో తేలడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. మందులో చాలాభాగం చెక్కుచెదరకుండా పెద్దపేగు దాకా వెళుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. మరి వైద్యం చేసేది ఏ ముక్క? ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యుడు ట్రూలవ్, ఆయన దగ్గర పనిచేసిన బంగ్లాదేశ్ వైద్యుడు ఆజాద్ ఖాన్, మరో సహచరుడు కలిసి అసలు మందునూ, రెండు ముక్కలనూ విడివిడిగా ఎనిమాగా ఇచ్చారు. పేగులోకి గొట్టం పెట్టి చూశారు, పేగు పొరలోంచి కాస్త తీసి మైక్రోస్కోపు కింద పరీక్షించారు. 1977లో తేల్చారు: గుణం సాలిసిలేట్ ముక్కదే. సల్ఫా ముక్క దాన్ని పెద్దపేగు దాకా మోసుకొచ్చేది, పైగా తలనొప్పీ వికారమూ తెచ్చేది. ఇంత తేటైన ప్రయోగాలంటే నాకు మహా ఇష్టం.

ఇవాళ హైదరాబాద్‌లో ఈ పేగు జబ్బుకు డాక్టరు రాసే మెసలమైన్ ఆ సాలిసిలేట్ ముక్కే. అన్నట్టు, పాత మందును కీళ్లవాతానికి ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు.