వేడి అనుకుని వదిలేయకండి

ప్రియమైన పాఠక మిత్రులకు,

ఇంట్లో కూడా గొంతు తగ్గించి చెప్పుకునే సంగతి ఒకటి ఈ ఉత్తరంలో రాస్తున్నాను. మీరు చదివి, ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ చదివి వినిపించాలని నా కోరిక.

తమిళనాడులో తిరుత్తణి, తిరువళ్లూరు వైపు మన తెలుగిళ్లలో విరేచనంలో నెత్తురు పడితే ముందు వచ్చే మాట “వేడి చేసింది”. మజ్జిగ తాగిస్తారు, సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు. తగ్గకపోతే “మొలలేమో” అంటారు. ఆపైన మందుల షాపులో అడిగి తెచ్చిన బిళ్లలు. చాలామందికి తగ్గిపోతుంది కూడా, ఎందుకంటే అది నీళ్ల వల్లో తిండి వల్లో పట్టిన జిగట విరేచనమే. నా బెంగంతా తగ్గనివాళ్ల గురించి.

నాలుగు వారాలు అన్న లెక్క గుర్తుంచుకోండి. అంటువ్యాధి వల్ల వచ్చే విరేచనాలు మామూలుగా రెండు వారాల లోపే సర్దుకుంటాయి. నెల దాటినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతున్నా, పేగుల వాపు జబ్బేమోనని అనుమానించాలి. ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరను పుండు చేస్తుంది. నెత్తురు, జిగట దాని గుర్తులు. క్రోన్స్ జబ్బు నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, బరువు తగ్గడం, సాయంత్రం పూట జ్వరం, కొందరికి మలద్వారం పక్కన మానని చీముగడ్డ. రెండూ అంటుకునేవి కావు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పేగు గోడ మీదికి తిరగబడడం వల్ల వస్తాయి. ఎక్కువగా పట్టేది పదిహేను, ముప్పై అయిదేళ్ల మధ్య వయసువాళ్లకు.

చదువుకో ఉద్యోగానికో తిరుత్తణి నుంచి మద్రాసుకు రోజూ ఎలక్ట్రిక్ రైలెక్కేవాళ్లు దాదాపు ఆ వయసువాళ్లే. ఆ లోకల్ బళ్లలో మరుగుదొడ్డి ఉండదు. అరక్కోణం, తిరువళ్లూరు, ఆవడి దాటి సెంట్రల్ చేరేసరికి సుమారు రెండు గంటలు. మీ అబ్బాయి పొద్దున ఏమీ తినకుండా, నీళ్లు కూడా తాగకుండా బండెక్కుతుంటే, దారిలో ఏ స్టేషనులో దిగవచ్చో ముందే చూసుకుంటుంటే, వేషాలనుకోకండి. పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఉన్నట్టుండి ఆపుకోలేనంత తొందర, వెళ్తే కాస్తంతే అవడం, అయినా ఇంకా ఉందనిపించడం ఈ జబ్బు ముఖ్య లక్షణాలు.

రాత్రి నిద్రను కూడా గమనించండి. పేగులో పుండూ వాపూ లేకుండా దిగులుకూ, తిండి మార్పుకూ కడుపు పాడయ్యేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు సాధారణంగా నెత్తురు పడదు, బరువు తగ్గరు, విరేచనం రాత్రి నిద్రలేపదు. విరేచనం కోసం నడిరేయి లేవాల్సి వస్తుంటే అది వేరే సంగతి.

ఇది పేగులతో ఆగే జబ్బు కూడా కాదు. కళ్లు ఎర్రబడి నొప్పి పెట్టడం, మోకాళ్ల వాపు, నోటిపూత, కాళ్ల ముందుభాగంలో ముట్టుకుంటే నొప్పెట్టే ఎర్రటి గడ్డలు దీనితోపాటే రావచ్చు. పిల్లలయితే ఈడుకు తగ్గట్టు ఎదగరు. ఆడపిల్ల నెత్తురు తగ్గి పాలిపోతే నెలసరి వల్లేనని తేల్చేయకండి. కీళ్లనొప్పికని డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు సొంతంగా మింగితే పేగు ఇంకా చెడవచ్చు.

ఒకప్పుడు దీన్ని తెల్లవాళ్ల జబ్బు అనేవారు. ఇప్పుడా మాట చెల్లదు. హైదరాబాదు ఏఐజీ ఆసుపత్రి వైద్యులు తెలంగాణ పల్లెల్లో చూసినా ఇది పెరుగుతోందనే తేలింది.

మన ప్రాంతంలో మరో చిక్కుంది. పేగుల్లో క్షయ అచ్చం క్రోన్స్ లాగే కనబడుతుంది. చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోటే రెండింటికీ ఇష్టమైన స్థానం. క్షయ మన ఊళ్లకు కొత్త కాదు. అప్పటి చెంగల్పట్టు జిల్లాలో, తిరువళ్లూరు చుట్టుపక్కల పల్లెల్లోనే 1968లో పెద్దయెత్తున బీసీజీ టీకా పరీక్ష మొదలుపెట్టారు. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని ఆ పరీక్షలో తేలింది. క్షయ ఉన్నవాళ్లకు క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే క్షయ ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. క్రోన్స్ ఉన్నవాళ్లకు క్షయ మందులిస్తే అసలు జబ్బు లోలోపల ముదురుతుంది. అందుకే గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీ చేసి, పేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అప్పటికీ తేలకపోతే ముందు క్షయ మందులిచ్చి, రెండు మూడు నెలల తరువాత మళ్లీ లోపల చూస్తారు. క్షయ అయితే పుండ్లు మానుతాయి. ఆ రెండో పరీక్షను మాత్రం మానుకోకండి. ఒంట్లో బాగుందనిపించినంత మాత్రాన పేగు మానినట్టు కాదు.

తిరువళ్లూరు వీరరాఘవస్వామిని వైద్య వీరరాఘవుడని కొలుస్తాం. అమావాస్య నాడు పుష్కరిణిలో బెల్లం వేసి, అది కరిగినట్టు రోగం కరగాలని మొక్కుకుంటాం. ఆ మొక్కును నేను తప్పుపట్టను. మొక్కు తీర్చుకుని, అదే వారంలో ఆసుపత్రికి కూడా వెళ్లండి. తిరువళ్లూరులో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మద్రాసు సెంట్రల్ స్టేషనులో దిగితే ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి. మీకు వేలూరు దగ్గరనిపిస్తే అక్కడ సీఎంసీ ఆసుపత్రి ఉంది.

వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు, నెత్తురు ఉందా, బరువు ఎంత తగ్గింది, ఇప్పటికే ఏ మందులు మింగారు. డాక్టరు ముందు నోరు పెగలకపోతే ఆ కాగితం ఇచ్చేయండి. మల పరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ అనేదొకటుంది. పేగులో వాపు ఉందో లేదో అంచనా వేయడానికి పనికొస్తుంది. అయితే క్షయలోనూ అది పెరుగుతుంది గనక దానితోనే తేల్చలేరు.

రోజుకు ఆరుసార్లు, అంతకు మించి నెత్తురు విరేచనాలై, జ్వరమూ గుండెదడా తోడైతే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే బయలుదేరండి.

ఇట్లు,
మీ క్షేమం కోరే
మీ ఉత్తరాల మిత్రుడు