కొసరు

ఎదుటివాళ్ళు వద్దంటున్నా వినకుండా కొసరి వడ్డించడంలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు. "చాలు చాలు" అంటూ అతిథి విస్తరిమీద రెండు చేతులూ అడ్డం పెడితే, ఆ వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసే ఇల్లాళ్ళను నేనెరుగుదును. మా ఇంట్లోనే ఒకరున్నారు. ఆ అలవాటును చూసి ముప్పై ఎనిమిదేళ్ళపాటు నవ్విన నేను, చివరకు అమెరికాదాకా వెళ్ళి, సాక్షాత్తూ మా అల్లుడి మోటారుకారుకు కొసరి వడ్డించి వచ్చాను. వింటే మీరు నవ్వుతారు. నవ్వినా ఫరవాలేదు. చెప్పకుండా ఉండలేను.

నేను బెజవాడలో బస్సుల వర్కుషాపులో పనిచేసి రిటైరయ్యాను. చేతికంటిన గ్రీజు వదిలింది గాని దానిమీద మమకారం వదల్లేదు. 2023 వేసవిలో మా అమ్మాయి కాలిఫోర్నియాకు రమ్మని పిలిస్తే, ఆవిడ ఆవకాయ జాడీలు సర్దుకుంది. నేను రెండు స్పానర్లు సర్దుకున్నాను. స్పానర్లు అక్కడా దొరుకుతాయని అమ్మాయి నవ్వింది. దొరకవచ్చు. నా చేతికి అలవాటైనవి దొరకవు గదా!

మా అల్లుడు వారానికి అయిదు రోజులు కంప్యూటరు ముందు కూర్చుంటాడు. ఆరోరోజు కారు కింద పడుకుంటాడు. ఆ కారు 1999 నాటి మాజ్డా మియాటా. ఎర్రగా, పొట్టిగా, దేవుడి పల్లకీ అంత ఉంటుంది. ఇద్దరికంటే పట్టరు. మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "రేపు పిల్లలు పుడితే ఎక్కడ కూర్చోబెడతారమ్మా?" అని అమ్మాయిని రహస్యంగా అడిగింది.

ఆ దేశంలో ఒక వేడుక ఉంది. పందేలు జరిగే మైదానాలను ఒక్కొక్క రోజు అద్దెకు తీసుకుని, మనలాంటి మామూలు సంసారులు తమ కార్లను తోలుకోవచ్చు. అది పందెం కాదు; గెలుపూ ఓటమీ లేవు. అనుభవాన్నిబట్టి గుంపులుగా విడదీసి, ఒక్కొక్క గుంపును ఇరవై నిమిషాల చొప్పున వదులుతారు. ముందువాడు చెయ్యి చూపి దారి ఇస్తేనే వెనకవాడు దాటాలి. రోడ్డుమీద పనికిరాని వేగం సరదా అక్కడ తీర్చుకోవచ్చునన్నమాట. "రోడ్డుమీద నెమ్మదిగా నడపడం నేను అక్కడే నేర్చుకున్నాను మామయ్యగారూ" అన్నాడు మా అల్లుడు. ఆ మాట నాకు నచ్చింది.

వెళ్ళేముందు గేర్‌బాక్సులో ఆయిలు మార్చాలన్నాడు. "నాకు వదిలెయ్యండి నాయనా" అన్నాను. అతడు సందేహించాడు. మామగారి మాట కాదనలేక, సీసాలు నాకిచ్చి ఆఫీసు పనిమీద లోపలికి వెళ్ళాడు.

ఆ గేర్‌బాక్సుకు పట్టేది సుమారు రెండు లీటర్లు. పక్కన ఒక రంధ్రం ఉంటుంది. దాని అంచుదాకా నిండి, పొర్లబోతుంటే ఆపి ప్లగ్గు బిగించాలి. అంతే లెక్క. కాని నేను నడుము వంగక, ఆ రంధ్రమున్న వైపు మాత్రం జాకీతో ఎత్తాను. కారు వాలిపోయింది. రంధ్రం పైకి లేచింది. పోసినకొద్దీ పడుతోంది. నాకు మహా సంతోషమైంది. "పాపం, పాత బండి! ఎంత దాహంతో ఉందో!" అనుకుని ఇంకాస్త పోశాను. కారుతూ ఉండే ముసలి బస్సులకు ఒక చుక్క ఎక్కువే ఉంచడం నా పాత అలవాటు. ఎక్కువైతే నష్టమేముంది, తక్కువైతేనే గదా ప్రమాదం!

మర్నాడు తెల్లవారకముందే బయలుదేరాం. లెట్యూస్ తోటల సేలినాస్ దాటి, సముద్రపు మంచు ఇంకా విడవకముందే లగూనా సేకా చేరాం. 1957లో కట్టిన ఆ బాట కొండల మధ్య మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు పొడవున తిరుగుతుంది. పదకొండు మలుపులు. అందులో ఎనిమిదోదాన్ని కార్క్‌స్క్రూ అంటారు. కొండకొమ్ముమీదికి వచ్చిన కారు ఎడమకూ కుడికీ మెలితిరుగుతూ అయిదంతస్తుల మేడంత లోతుకు దిగిపోతుంది. చూస్తుంటే మా ఆవిడ మంగళసూత్రం కళ్ళకద్దుకుంది. అమ్మాయి మాత్రం తాపీగా ప్లాస్కులోంచి కాఫీ పోస్తోంది.

మొదటిసారి బాగానే తిరిగి వచ్చాడు. రెండోసారి నాలుగైదు చుట్లు అయ్యాక, ఎర్ర కారు వెనక సన్నగా నీలి పొగ కనిపించింది. నల్ల జెండా చూపి అతణ్ణి లోపలికి పిలిచారు. ఆలోగానే, కార్క్‌స్క్రూ దిగిన తరువాత వచ్చే పొడుగాటి ఎడమ మలుపులో, వెనక వస్తున్న కారొకటి గిర్రున తిరిగి, దుమ్ము రేపుకుంటూ బాట దిగి ఆగిపోయింది.

ఆ దుమ్ము అణిగేదాకా నా గుండె నా చేతిలో లేదు. తలుపు తెరుచుకుంది. తెల్లమీసాల పెద్దమనిషి దిగి, బాగానే ఉన్నానని చెయ్యి ఊపాడు. అందరి ఆటా ఆపేశారు. మనుషులు వెళ్ళి బాటమీద నూనె పీల్చే పొడి చల్లి ఊడ్చారు. అంతమంది డబ్బు కట్టి, సెలవు పెట్టుకుని వచ్చిన రోజు అది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకనిపించింది.

మా అల్లుడు హెల్మెట్టు తీసి తిన్నగా ఆ పెద్దమనిషి దగ్గరికి వెళ్ళాడు. "నా కారులోంచి పడ్డ నూనెమీద మీరు జారారు. తప్పు నాది. క్షమించండి" అన్నాడు. నేను పదడుగుల దూరంలో నిలబడ్డాను. నాకా పాటి ఇంగ్లీషు వచ్చు. అతడు నా పేరెత్తలేదు. నా వంక చూడనైనా లేదు. అమ్మాయికి తెలియదు. ఆవిడకు తెలియదు. నోరు మూసుకుంటే నా పెద్దరికం పెద్దరికంగానే ఉండిపోతుంది. నిజం చెప్పద్దూ, ఒక్క నిమిషం మూసుకునే ఉన్నాను. అవతల ఆ కుర్రవాడు నలుగురిలో తలవంచుకుని నిలబడి ఉన్నాడు. ఇక నావల్ల కాలేదు.

ముందుకు వెళ్ళి, "ఆ నూనె పోసింది నేనండీ" అన్నాను.

పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, "ఎంత పోశారు?" అన్నాడు.

"పట్టినంత."

"కారు నేలమీద సమంగా ఉందా?"

నేను జాకీ సంగతి చెప్పాను. ఆయన ఫక్కున నవ్వి, ఒంటిమీది దుమ్మయినా దులుపుకోకుండా, మా కారును నాలుగు స్టాండ్లమీద సమంగా ఎత్తించి, నన్ను కూడా కిందికి రమ్మన్నాడు. పొగ ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. గేర్‌బాక్సు నెత్తిన, గాలి పీల్చి వదలడానికి బ్రీదరని చిన్న రంధ్రం ఉంటుంది. నూనె అక్కడినుంచి పొంగి, పక్కనే కాలుతున్న సైలెన్సరు గొట్టంమీదా, బాటమీదా పడింది. వేడి తగ్గేదాకా ఆగి పక్క ప్లగ్గు విప్పితే, మిగిలిన కొసరంతా బుడబుడ బయటికి వచ్చింది.

ముప్పై ఏళ్ళ అనుభవంలో నాకు తట్టని సంగతులు ఆయన పదినిమిషాల్లో చెప్పాడు. గేర్‌బాక్సులో నూనె ఎంత అవసరమో, ఖాళీ కూడా అంతే అవసరమట. వేడెక్కితే నూనె సాగుతుంది, గాలి ఇంకా సాగుతుంది. ఖాళీ లేకపోతే పళ్ళచక్రాలు నూనెలో లోతుగా మునిగి, కవ్వంలా చిలికి, నురగ లేపుతాయి. ఆ నురగ బ్రీదరు వెంట పైకి పొంగుతుంది. దానికి తోడు మలుపుల బలం. మంచి టైర్లున్న కారు గట్టిగా మలుపు తిరిగితే, పక్కకు తోసే బలం భూమ్యాకర్షణకు సమానం కావచ్చు. అప్పుడు లోపలి నూనె మట్టం నలభై అయిదు డిగ్రీలు వాలిపోతుంది. నిండు చెంబు పట్టుకుని గిర్రున తిరిగితే ఏమవుతుంది? అదే అయింది. మా బస్సులు ఏనాడూ అలా తిరగలేదు. తిరిగితే అందులో జనం ఉండేవారా!

"అయితే ఆ రంధ్రం మూసేద్దాం" అన్నాను. నాది బస్సు వైద్యం గదా!

ఆయన తల అడ్డంగా ఊపాడు. కుక్కర్లో ఆవిరి పోయే దారి మూస్తే ఏం జరుగుతుందో మన ఆడవాళ్ళకు తెలుసు. ఇక్కడా అంతే. లోపలి ఒత్తిడి సీళ్ళను తోసుకుని బయటపడుతుంది. ముందువైపు సీలు పోతే నూనె క్లచ్చుమీద పడి అది జారుతుంది. వెనకవైపుది పోతే షాఫ్టు వెంట కారుతుంది. కనుక మూయకూడదు, దారి పొడిగించాలి. బ్రీదరుకు ఒక రబ్బరు గొట్టం తగిలించి, ఇంజను గదిలో ఎత్తుగా తీసుకుపోయి, గాలి ఆడే చిన్న డబ్బాలో దాని కొస ఉంచాలి. ఎక్కిన నూనె చాలావరకు తిరిగి లోపలికే జారుతుంది. రానిది డబ్బాలో ఉంటుంది. బాటమీద మాత్రం పడదు.

ఆ రోజుకు మా ఆట అక్కడితో ఆగింది. దారిలో అడిగాను: "నేను పోశానని ఎందుకు చెప్పలేదు నాయనా?"

"నడపబోయేది నేను. ఒకసారి చూసుకోవలసిన బాధ్యత నాది. మీరు పోశారు గదా అని చూసుకోలేదు మామయ్యగారూ" అన్నాడు. పెద్దవాళ్ళమీది గౌరవం కూడా ఒక్కొక్కసారి కొసరు పడుతుందేమో!

తరువాతి రెండు వారాలూ మేమిద్దరం కారు కిందనే కాపురం. గొట్టం, డబ్బా అమర్చాం. గేరు కర్ర అడుగున ఉండే రబ్బరు తొడుగు ఇరవై నాలుగేళ్ళకు చినిగి ఉంది. అక్కడినుంచి కూడా నూనె వాసన, వేడి కారులోకి వస్తున్నాయి. కొత్తది వేశాం. రెండు ప్లగ్గులకూ కొత్త వాషర్లు వేసి, పుస్తకంలో చెప్పినంతే బిగించి, ప్లగ్గుకూ పెట్టెకూ కలిపి తెల్ల రంగుతో ఒక గీత గీశాం. గీత తప్పితే ప్లగ్గు వదులైందన్నమాట. నూనె మట్టం మాత్రం ఈసారి అతడు చూశాక నేను చూశాను. నేను చూశాక అతడు మళ్ళీ చూశాడు.

సెప్టెంబరులో మళ్ళీ వెళ్ళాం. ఇరవై నిమిషాలు తిరిగి వచ్చినప్పుడల్లా నేను కారు కింద తెల్ల అట్టముక్క పరిచి, కళ్ళజోడు సవరించుకుని కూర్చున్నాను. సాయంత్రందాకా అట్టమీద ఒక్క మచ్చ పడలేదు. డబ్బాలో చెంచాడు నూనె చేరింది. మన కారు కార్చిన చుక్క మన టైరుకే తగలాలని లేదు. వెనక వచ్చేవాడి టైరుకు తగులుతుంది. అతడెవరో, అతడి ఇంట్లో ఎందరున్నారో మనకు తెలియదు. ఆ అట్టముక్క తెల్లగా ఉంటే నాకెందుకంత నిబ్బరంగా ఉందో, తిరుగుదారిలో గాని బోధపడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ అల్లుడికి నెయ్యి వడ్డిస్తోంది. "చాలు అత్తయ్యగారూ" అని అతడు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ వేళ్ళ సందు వెతుకుతోంది.

"ఆగు" అన్నాను. "మట్టం అంచుదాకా వచ్చింది."

ఆవిడకు అర్థం కాలేదు. అల్లుడికి పొలమారింది.